దర్జీ రాయి

కిల్‌టీరన్, రాస్‌కామన్ జిల్లా
1986 ఫిబ్రవరి 11

శ్రీమతి అట్రాక్టా హార్‌గ్రీవ్స్ గారికి,

మీ చిరునామా మీ చిన్నాన్నగారి అమ్మాయి దగ్గర తీసుకున్నాను. నా పేరు మాలకీ టాన్సీ. బడిలో కిటికీ పక్క బెంచీ మీద మీ పక్కన కూర్చునేవాణ్ణి. పాల డిపో మూసేసే దాకా అందులో గుమాస్తాగా చేశాను. ఇప్పుడు మన ఊరి సంఘానికి కార్యదర్శిని.

ఈ ఏడు మన ఊరు చక్కని ఊళ్ల పోటీకి నిలబడుతోంది. జూన్‌లో న్యాయనిర్ణేతలు వస్తారు. చూడదగ్గ చోట్లన్నిటికీ బోర్డులు పెడుతున్నాం. పుణ్యబావి, మఠంలో మిగిలిన ఒక్క గోడ, కరువు ఏడాది గంజి కాచిన ఇనప బాన, పాత కొలిమి, రైలు రాని స్టేషన్, వీటన్నిటికంటే ముఖ్యంగా మీ పాత పొలంలోని దర్జీ రాయి.

బడి మూసేసినప్పుడు బీరువా అడుగున, అట్ట మీద గెరటీ అని మీ పుట్టింటి పేరుతో, మీ నోటుపుస్తకం దొరికింది. 1938లో ముసలివాళ్లను అడిగి పాత సంగతులు రాసుకురమ్మని దేశంలోని పిల్లలందరికీ ఇచ్చిన పుస్తకాలు మీకు గుర్తుండే ఉంటాయి. అందులో మీ తాతగారు చెప్పినట్టుగా ఆ రాయి కథ ఉంది. కరువు రోజుల్లో ఊరూరా తిరిగే దర్జీ ఒకడు ఆ రాయి మీద కూర్చుని, పోయినవాళ్లకు కూలి అడక్కుండా ఆఖరి బట్టలు కుట్టాడని, దారం అయిపోతే తన కోటే విప్పి ఆ దారంతో కుట్టాడని, చివరికి మంచులో ఒంటి చొక్కాతో అక్కడే పోయాడని. మొన్న సంఘంలో చదివి వినిపిస్తే ఊనా బ్రెహనీ కళ్లు తుడుచుకుంది. కొట్లో అరువు అడిగినవాడి మీద కూడా జాలి పడని మనిషి ఆమె.

రాయిని పొలంలోంచి తీసి నాలుగు రోడ్ల కూడలిలో సిమెంటు దిమ్మె మీద నిలబెట్టాలని తీర్మానించాం. ఒక్కటే లోటు. మీ పుస్తకంలో దర్జీ పేరున్న చోట కాగితం చిరిగిపోయింది. బోర్డు మీద పేరుకు జాగా వదిలాం. ఆ పేరు దయచేసి తెలియజేయగలరు.

ఇట్లు,
మాలకీ టాన్సీ, కార్యదర్శి


హడర్స్‌ఫీల్డ్
మార్చి 2

ఏమోయ్ మాలకీ,

నన్ను 'మీరు' అనడం ఎప్పుడు నేర్చావు? నా రొట్టె దొంగిలించి తిని, వెన్న తక్కువ రాసుకొచ్చానని నన్నే తిట్టినవాడివి నువ్వు. ఉత్తరం విప్పి ఎవరో ప్లీడరు నోటీసు పంపాడనుకుని కంగారుపడ్డాను. క్రిస్మస్ తర్వాత చేత్తో రాసిన ఉత్తరం ఈ గుమ్మంలో పడటం ఇదే మొదలు.

నా సంగతులు చెప్పడానికి ఎక్కువ లేవు. ముప్పయ్యొక్క ఏళ్లు ఉన్ని మిల్లులో పనిచేశాను. బట్టలో తెగిన పోగులు వెతికి సూదితో కలపడం నా పని. మా ఆయన ఆర్నాల్డ్ పోయి ఆరేళ్లయింది. పిల్లలు లేరు. ఆదివారాలు పక్క గదిలో రేడియో పెట్టి ఈ గదిలో కూర్చుంటాను. ఎవరో ఉన్నట్టుంటుంది. ఇలాంటివి నీకెందుకు రాస్తున్నానో తెలియదు. నువ్వు 'దయచేసి తెలియజేయగలరు' అన్నావు కాబట్టి తెలియజేస్తున్నాను.

బావి దగ్గర ముళ్లచెట్టుకు ఇప్పటికీ గుడ్డపీలికలు కడుతున్నారా? స్టేషన్ గడియారం ఎవరు ఎత్తుకుపోయారు? గంజి బానలో సార్జెంటుగారి భార్య పూలమొక్కలు వేసిందని ఎప్పుడో విన్నాను. నిజమేనా?

రాయి జోలికి మాత్రం వెళ్లకండి. రాయి ఉన్నచోటే బాగుంటుంది. అంత దూరం నడవలేని న్యాయనిర్ణేతలు ఇంట్లోనే కూర్చోవచ్చు. దర్జీ పేరు నాకు గుర్తు లేదు.

నీ
అట్రాక్టా


కిల్‌టీరన్
మార్చి 19

అట్రాక్టాకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఊనాకు చదివి వినిపించబోయి, రొట్టె సంగతి ఉందని మానేశాను.

పీలికలు ఇంకా కడుతున్నారు. గడియారం ఎవరు ఎత్తుకుపోయారో ఊరందరికీ తెలుసు, అతని ఇంట్లో అది గంటలు కొడుతూనే ఉంది, కానీ ఎవరూ అనరు. బానలో పూలు నిజమే.

రాయి విషయం నువ్వనుకున్నంత తేలిక కాదు. మీ పొలం ఇప్పుడు క్విగ్లీది. వాడు మనిషి మంచివాడే గానీ నీళ్లు నిలిచిన నేల కనబడితే ఆగలేడు. ఈ ఎండాకాలం యంత్రం పెట్టి ఆ మూలంతా తవ్వి కాలవలు తీస్తాడట. రాయిని మేం తీసుకోకపోతే గట్టు అవతల పారేస్తానన్నాడు. మే 24, శనివారం. ట్రాక్టరు వాడిదే, గొలుసులు నావి.

ఇంకో మాట. సంఘం మంగళవారాలు మా వంటింట్లో కూర్చుంటుంది. చర్చి హాలు నుంచి ఎనిమిది కుర్చీలు తెచ్చుకున్నాను. అమ్మ పోయినప్పటి నుంచి ఈ ఇంట్లో రెండో కప్పు వాడలేదు. ఇప్పుడు మంగళవారం పొద్దున్నే లేచి తొమ్మిది కప్పులు కడుగుతాను. నవ్వుకో, ఫర్వాలేదు.

వీళ్లంతా రావడానికి కారణం ఆ దర్జీయే. బావి ప్రతి ఊళ్లోనూ ఉంది. అలాంటి దర్జీ ఇంకెక్కడా లేడు. పైగా మన కథకు రెండు సాక్ష్యాలున్నాయి. ఒకటి మీ తాత చెప్పింది. రెండోది మా తాత నన్ను మోకాలి మీద కూర్చోబెట్టుకుని చెప్పింది. నేను రాసిన పుస్తకాన్ని అప్పట్లో మాస్టారు డబ్లిన్ పంపారు, అక్కడ భద్రపరిచారు. ఒక్క కథ రెండు ఇళ్లలో వినబడితే అది చరిత్రేనని ఊనా అంది.

మా తాత చెప్పిన పేరు నాకు గుర్తు రావడం లేదు. నువ్వు గుర్తు తెచ్చుకో.

మాలకీ


హడర్స్‌ఫీల్డ్
ఏప్రిల్ 3

మాలకీ,

మీ తాతకు బ్రహ్మచెవుడు. గుర్రాల గురించి తప్ప నోరు విప్పేవాడు కాదు. నిన్ను మోకాలి మీద కూర్చోబెట్టుకున్నాడంటే నువ్వు గుర్రప్పిల్లవై ఉండాలి.

మా తాత నేను పుట్టకముందే పోయాడు. అసలు దర్జీయే లేడు. కథ నేను అల్లాను, పదకొండేళ్లప్పుడు, వంటింటి బల్ల దగ్గర కూర్చుని. పుస్తకాలు ఇవ్వాల్సిన రోజు పొద్దున బడి గోడ దగ్గర నువ్వు ఖాళీ పుస్తకంతో బిక్కమొహం వేసుకుని నిలబడ్డావు. నాకో ఆపిల్ ఇచ్చి నా పుస్తకం తీసుకున్నావు. గంట కొట్టేలోపల మొత్తం ఎక్కించేశావు. ఆ ఆపిల్ పుల్లగా ఉంది, అది కూడా గుర్తుంది.

నువ్వు అబద్ధం చెబుతున్నావని అనను. నలభై ఎనిమిదేళ్లు చెప్పీ చెప్పీ నీకే నిజమనిపించి ఉంటుంది. కానీ సంఘానికి ఈ ముక్క చెప్పు. రాయి కదపడం ఆపించు. ఆ మూల తవ్వవద్దని క్విగ్లీకి కూడా చెప్పు.

అట్రాక్టా


కిల్‌టీరన్
ఏప్రిల్ 14

శ్రీమతి హార్‌గ్రీవ్స్ గారికి,

మీ ఉత్తరం అందింది. ఇన్నేళ్ల తర్వాత చిన్ననాటి సంగతులు ఎవరికైనా తారుమారుగా గుర్తుండవచ్చు. బోర్డు తయారైంది. దిమ్మెకు సిమెంటు కూడా పోశారు. ఊరు వదిలి నలభై ఏళ్లయినవారు ఊరికి ఏది మంచిదో చెప్పనవసరం లేదని నా అభిప్రాయం.

మా తాతగారి విషయంలో మీ వెటకారం నన్ను బాధించింది.

ఇట్లు,
ఎం. టాన్సీ, కార్యదర్శి


హడర్స్‌ఫీల్డ్
మే 1

మాలకీ,

కోపం తెచ్చుకో, కానీ ఇది చివరిదాకా చదువు. ఇది ఆర్నాల్డ్‌కు కూడా చెప్పలేదు.

1937 నవంబరులో మా అమ్మకు మగబిడ్డ పుట్టాడు. ఏడవలేదు. మంత్రసాని వచ్చేసరికే అంతా అయిపోయింది. ఫాదర్‌గారు గుమ్మంలోనే నిలబడి, జ్ఞానస్నానం కాని బిడ్డకు చర్చి మట్టిలో చోటు లేదని చెప్పి, నాన్న భుజం తట్టి వెళ్లిపోయారు. ఆయన చెడ్డవాడేం కాదు. అప్పట్లో అదే పద్ధతి. అలాంటి బిడ్డల్ని తండ్రి ఒక్కడే తీసుకెళ్లి ఏ పొలం మూలో పెట్టి వస్తాడు. తల్లి వెళ్లకూడదు. ఆ తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తకూడదు.

నాన్న తేయాకు పెట్టె చెక్కలతో చిన్న పెట్టె చేశాడు. అమ్మ మంచం మీదే కూర్చుని తన పెళ్లి కోటు లోపలి గుడ్డ కోసి చొక్కా కుట్టింది. ఇంట్లో దారం లేదు. బయటికెళ్లి కొంటే ఎందుకని అడుగుతారు. అందుకని కోటు అంచు విప్పి, ఆ దారం నోట్లో తడిపి, సూదిలోకి ఎక్కించి కుట్టింది. ఇప్పుడు అర్థమైందా నీ దర్జీ ఎవరో?

పాలు పితికే వేళకు నాన్న పెట్టె చంకలో పెట్టుకుని, ఆవుల్ని చూసొస్తానని వెళ్లాడు. నేను కంచె వెనకే వెళ్లాను. రాయికి కుడివైపు, ముళ్లపొదల దిక్కున పెట్టాడు. పైన గడ్డి పరిచాడు. ఇంటికొచ్చి ఆవులు బాగానే ఉన్నాయన్నాడు. అమ్మ ఆయన్నేమీ అడగలేదు. నా జడ దువ్వుతూ నన్ను అడిగింది, "ఎటువైపే?" అని. చెప్పాను.

ఆ తర్వాత కోళ్లు గుడ్లు ఎక్కడ పెట్టాయో చూసొస్తానని రోజూ వెళ్లేది. మన బడి పిల్లలే నన్ను అడిగేవాళ్లు, "మీ అమ్మ ఆ రాయి దగ్గర ఏం చేస్తదే, పిచ్చా?" అని. అప్పుడే మాస్టారు ఆ పుస్తకాలు ఇచ్చారు. రాయి కథ చెప్పమని అమ్మను అడిగాను. "రాయికి కథేంటే, రాయి రాయే," అంది. అందుకని నేనే రాశాను. అది ఊళ్లో పాకాక మా అమ్మ ఆ రాయి మీద ఎంతసేపు కూర్చున్నా ఎవరూ ఏమీ అనలేదు. దర్జీ ఆత్మ కోసం ప్రార్థిస్తోంది, ఎంత భక్తి అన్నారు. చచ్చిపోయేదాకా ఇరవై మూడేళ్లు కూర్చుంది. నా అబద్ధం ఆమెకో పీట వేసింది. దాని గురించి నేనెప్పుడూ పశ్చాత్తాపపడలేదు. ఇప్పుడు ఆ అబద్ధమే గొలుసులు కట్టి ఆమె బిడ్డను పెళ్లగిస్తుందని తెలిశాక అన్నం సయించడం లేదు.

చొక్కా కుడుతున్నప్పుడు వాడికి ఒక పేరు పెట్టింది. నాకు ఒక్కసారి చెప్పింది. ఆ పేరే దర్జీకి పెట్టి రాశాను, ఎక్కడో ఒకచోట రాసి ఉండాలని. పుస్తకాలు ఇవ్వాల్సిన రోజు మధ్యాహ్నం అన్నాల వేళ భయమేసింది. నాన్న చూస్తే? కాగితం చిరిగేదాకా కొట్టేశాను. చర్చి రిజిస్టరులో వాడు లేడు. రాతి మీద లేడు. ఇప్పుడు ఆ పేరు నా ఒక్కదాని నోట్లోనే ఉంది, నాతోనే పోతుంది. ఇక్కడ రాద్దామని రెండుసార్లు కలం పెట్టాను. చెయ్యి రావడం లేదు.

మా అమ్మ సంగతి ఎవరికీ చెప్పకు. ఆమె దాచుకున్నది నేను సంతలో పెట్టలేను. ఏం చెప్పి ఆపుతావో నాకు తెలియదు. ఆపు.

అట్రాక్టా


హడర్స్‌ఫీల్డ్
మే 19

మాలకీ,

శనివారానికి ఇంకా ఐదు రోజులే ఉన్నాయి. నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. పోస్టుమాన్ ఈ వీధిలోకి పదింటికి వస్తాడు. తొమ్మిదింటి నుంచే గుమ్మంలో కూర్చుంటున్నాను. ప్రయాణం చేయనివ్వడం లేదు మోకాళ్లు, లేకపోతే నేనే వచ్చి ఆ రాయి మీద కూర్చునేదాన్ని.

అట్రాక్టా


కిల్‌టీరన్
జూన్ 8

అట్రాక్టా,

ముందు ఇది చెప్పాలి. రాయి ఉన్నచోటే ఉంది. కుడివైపు నేల మీద పార పడలేదు.

నీ ఉత్తరం వచ్చాక కలం పట్టుకోవడానికి సిగ్గేసింది. ఆపిల్ సంగతి నిజం. మొదటి నుంచీ లోపల ఎక్కడో తెలుసు. మాస్టారు నా దస్తూరి బాగుందని మెచ్చుకుని డబ్లిన్ పంపినప్పుడు, నా బతుకులో నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే అనుకుంటా, దాన్ని వదులుకోలేకపోయాను.

మంగళవారం ఎనిమిది మంది ముందు లేచి నిలబడి చెప్పాను. "మా తాత నాకేం చెప్పలేదు. అట్రాక్టా గెరటీ పుస్తకం చూసి రాశాను. దర్జీ లేడు." ముందు నవ్వారు. ఊనా అంది, "ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి మాలకీ? కథ బాగుంది. బోర్డు రాయించాం. కూర్చో, టీ చల్లారిపోతాంది." మీ అమ్మ మాట ఎత్తకూడదు కాబట్టి ఇంకేమీ చెప్పలేకపోయాను. గొలుసులు ఇవ్వనన్నాను. క్విగ్లీ తనకూ గొలుసులున్నాయన్నాడు.

శనివారం పొద్దున ఎవరూ రాకముందే వెళ్లి రాయి మీద కూర్చున్నాను. వేరే ఉపాయం తట్టలేదు. నువ్వు వచ్చి కూర్చునేదాన్నని రాశావు కదా. వాన. ట్రాక్టరు వెనక సగం ఊరు వచ్చింది. క్విగ్లీ దిగి నన్ను చూశాడు.

"ఏందయ్యా, కోడిపెట్ట పొదిగినట్టు కూర్చున్నావ్. పిల్లలవుతాయా?"

"లేవను."

"ఎందుకు లేవవ్?"

"చెప్పను."

అందరూ పడీ పడీ నవ్వారు. ఊనా నాకు జ్వరమొచ్చిందేమోనని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. ఇద్దరు కుర్రాళ్లు నన్ను చంకల కింద పట్టుకుని లేపబోయారు కూడా. అప్పుడు డీలియా స్కాన్లన్ వచ్చింది. నీకు గుర్తుందిగా, కొలిమి పక్కింటామె. ఎనభై నాలుగేళ్లు. ఆదివారం పూజకు కూడా రాదు, ఫాదర్‌గారే ఇంటికి వెళ్తారు. చేతికర్ర పొడుచుకుంటూ ఆ బురదంతా దాటుకుని వచ్చి, రాయికి ఎడమవైపు నిలబడింది. ఎవరి మొహం చూడలేదు.

"క్విగ్లీ," అంది, "ఈడ నావి రెండున్నాయి నాయనా."

అంతే. ముసలివాళ్లు నేల చూశారు. వాళ్లందరికీ తెలుసు, అట్రాక్టా. గడియారం ఎత్తుకుపోయినవాడి సంగతి తెలిసినట్టే తెలుసు. ఆ పొలం పక్క నుంచి వెళ్లినప్పుడల్లా మా అమ్మ శిలువ గుర్తు వేసుకునేది. దర్జీ కోసమనుకున్నాను. పుట్టి అక్కడికి చేరినవాళ్లెవరైనా మా ఇంట్లోనూ ఉన్నారో లేదో అడగడానికి ఇప్పుడు ఆమె లేదు.

క్విగ్లీ టోపీ తీశాడు. వెళ్లి ట్రాక్టరు ఆపేశాడు. తిరిగొచ్చి, "ఎంతవరకు అవ్వా?" అని అడిగాడు. డీలియా కర్రతో బురదలో గీత గీసుకుంటూ మూలంతా చుట్టి వచ్చింది. వాడు ఆమె వెనకే నడుస్తూ మేకులు పాతాడు. సాయంత్రానికి కంచె వేశాడు. అందరూ ఇళ్లకు పోయారు. మీ అమ్మ పేరు ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

కూడలిలో సిమెంటు దిమ్మె ఖాళీగా ఉంది. న్యాయనిర్ణేతలు ఇదేంటని అడిగితే కూర్చోవడానికని చెప్పాను. కార్యదర్శి పని మానేశాను. సంఘం ఇప్పుడు ఊనా ఇంట్లో కూర్చుంటోంది. కుర్చీలు హాలుకు తిరిగి ఇచ్చేశాను. ఒకటి ఉంచుకున్నాను. మంగళవారాలు ఇల్లు మళ్లీ మునుపటిలాగే ఉంటోంది. చెప్పుకోవడానికి నువ్వు తప్ప ఎవరూ లేరు కాబట్టి చెబుతున్నాను.

ఇక అసలు సంగతి. నీ మే నెల ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. నువ్వు పేరు కొట్టేసింది మధ్యాహ్నం. నేను ఎక్కించుకున్నది పొద్దున.

గురువారం బస్సెక్కి డబ్లిన్ వెళ్లాను. మా అక్క పెళ్లి తర్వాత వెళ్లడం ఇదే. పుస్తకాలు దాచిన చోట ఒక అమ్మాయి నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టి నా పుస్తకం తెచ్చి ఇచ్చింది. 'మా తాత చెప్పినది' అని పైన నా దస్తూరి. ఆ అమ్మాయి, "మీ తాతగారు మంచి కథ చెప్పారండీ," అంది. "ఆయన కాదమ్మా, నా పక్కన కూర్చున్న అమ్మాయి చెప్పింది," అన్నాను. దిద్దుబాటు రాసివ్వొచ్చంటే రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. కథ చెప్పినవారు అట్రాక్టా గెరటీ అని ఇప్పుడు దానికి అంటించి ఉంది.

మూడో పేజీ. ఒక్క అక్షరం వదలకుండా దొంగిలించాను, అందుకే ఉంది. నల్లసిరా, చెక్కుచెదరలేదు. నువ్వు రాయలేకపోయావు కాబట్టి నేను మళ్లీ ఎక్కిస్తున్నాను, ఈసారి నీ కోసం.

'ఆ దర్జీ పేరు లోర్కన్.'

మాలకీ